దండెం మీద పందెం

మా రైల్వే క్వార్టర్ల వరసలో దండెం కట్టడం నాకు వచ్చినట్టు ఇంకెవరికీ రాదని నాకు గట్టి నమ్మకం ఉండేది. పెరట్లో రెండు చివర్లా పాత రైలుపట్టా ముక్కలు పాతి ఉండేవి. వాటి మధ్య కొబ్బరి తాడు వేసి, ఒక కాలు పట్టాకు తన్నిపెట్టి, పళ్ళు బిగించి లాగి ముడి వేసేదాన్ని. తడిబట్టలు పడగానే పక్కిళ్ళ దండేలు చూడి గేదె పొట్టల్లా వేలాడేవి. నాది మాత్రం స్కేలు పెట్టి గీసినట్టు ఉండేది. ఆరేసిన చీర అంచుకు మట్టి అంటితే మళ్ళీ ఉతకాలి. నీళ్ళు దండగ, సబ్బు దండగ, చీరకి ఆయుష్షు తక్కువ.

ఒక్కటే చిక్కు. నా తాళ్ళు ఊరికే తెగిపోయేవి. ఊళ్ళో తెలిపారా వీధిలో తాళ్ళ దుకాణం వాడిని అందుకు నేను అనని మాట లేదు. "అమ్మాజీ, ఇదే తాడుతో జనం గేదెల్ని కట్టుకుంటున్నారు, మీరు ఏం కడుతున్నారు?" అని వాడు హిందీలో అడిగేవాడు. చీరలంటే నమ్మేవాడు కాదు.

ఆ ఏడు నా మనవరాలు పదకొండో తరగతిలో సైన్సు తీసుకుంది. డీజిల్ షెడ్డులో ఇంజన్ పొట్ట విప్పి చూడాలని ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ పిచ్చి. అయితే అర్ధసంవత్సరం పరీక్షల్లో ఫిజిక్సు తప్పింది. కోడలు చెల్లెలి పురిటికని విజయనగరం వెళ్ళింది. గూడ్సు గార్డుగా చేసే మా అబ్బాయి డ్యూటీకి బయల్దేరుతూ ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. పిల్లని సైన్సునుంచి ఆర్ట్స్‌కి మార్చమని స్కూలుకి రాసిన అర్జీ అది. కింద వాడి సంతకం ఉంది.

"అమ్మా, సోమవారం దాకా సూడు. దానికి రాదనిపిస్తే ఇది స్కూలుకి పంపించీ."

"నాకేటి తెలుసురా ఫిజిక్సు?"

"ఫిజిక్సు తెలవక్కర్లేదమ్మా. దాన్నెరుగుదువు కదా, చాలు."

కాగితం ట్రంకు పెట్టెలో చీరల మధ్య పెట్టి తాళం వేశాను. మనవరాలు గుమ్మంలో నిలబడి అంతా చూసింది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

శనివారం మధ్యాహ్నం దాని నోటుపుస్తకం తెరిచాను. నా చదువు మూడో తరగతితో ఆగింది. ఇంగ్లీషు రాదు గానీ అంకెలు వస్తాయి, మాస్టారి ఎర్ర టిక్కు ఏ భాషలో ఉన్నా తెలుస్తుంది. పేజీ నిండా బాణాలు. మూడు మీద ఒక బాణం, నాలుగు మీద ఒక బాణం, రెండూ కలిపితే అయిదట. పక్కన టిక్కు. కింద మళ్ళీ అదే మూడు, అదే నాలుగు, కలిపితే ఒకటట. దానికీ టిక్కే!

"ఏటే గుంటా ఇది?"

"వెక్టర్లు, మామ్మా."

"మూడూ నాలుగూ ఎంతే?"

"ఏ డైరెక్షన్‌లో?"

నాకు ఒళ్ళు మండింది. చింతగింజలు నేను పారెయ్యను, డబ్బాలో దాస్తాను. గుప్పెడు తెచ్చి గచ్చు మీద తూర్పుకి మూడు, ఉత్తరానికి నాలుగు పరిచాను.

"లెక్కెట్టు."

"ఏడు."

"నీ డైరెక్సను పెట్టినా ఏడే కదే! మరి రెండు గింజలు ఎవుడు మింగీసేడు? నువ్వా, మీ మాస్టారా?"

"అరే మామ్మా, గింజలకి అటూ ఇటూ అని ఉండదు. నడకకి ఉంటుంది. లాగుడుకి ఉంటుంది. వాటికి ఎంత అని ఒక్కటీ చెప్తే చాలదు, ఎటు అని కూడా చెప్పాలి. అచ్ఛా, నువ్వు బుధ్వారీ బజారుకి రోడ్డు పట్టుకుని వెళ్తావా?"

"ఎందుకెళ్తాను? రోడ్డున పోతే తూర్పుకి మూడొందల అడుగులు, మళ్ళీ మలుపు తిరిగి ఉత్తరానికి నాలుగొందలు. చెప్పులరిగిపోవా? గ్రౌండుకి అడ్డం పడి పోతాను."

"అలా పోతే ఎన్ని అడుగులు?"

"అయిదొందలు. లెక్కెట్టేను కూడా."

అన్నాక గానీ ఏం అన్నానో నాకు తెలియలేదు. ఆ పిల్ల నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"మరి ఈ ఒకటేటే?" అన్నాను, బింకం సడలకుండా.

"నాలుగడుగులు వేశాక సంచీ మర్చిపోయానని మూడు వెనక్కి వస్తే?"

"ఒకటే మిగిలేది," అని ఒప్పుకుని, వెంటనే గొంతు పెంచాను. "నా చెప్పులు దాచుకునే తెలివి నాది. దాన్ని నీ ఖాతాలో రాసుకోకు. నాకు తెలీని ముక్క, నీకు తెలిసింది, ఒక్కటి చూపించు. లేకపోతే ఎల్లుండి కాగితం వెళ్తాది."

పిల్ల కిటికీలోంచి పెరట్లోకి చూసింది. అప్పుడే బట్టలు తీసేసిన నా దండెం ఖాళీగా, తిన్నగా ఉంది.

"మామ్మా, పందెం. తాడు మధ్యలో ఒక బకెట్టు నీళ్ళు వేలాడదీస్తాను. నువ్వు లాగి తాడు తిన్నగా చెయ్యి. కొంచెం కూడా వంపు ఉండకూడదు. చేశావంటే కాగితం నేనే స్కూల్లో ఇచ్చేస్తాను."

"చెయ్యలేకపోతే?"

"కాగితం స్కూలుకి వెళ్ళదు."

నాకు నవ్వొచ్చింది. దండెం లాగడంలో నాతోనా! పాపం, పిల్ల చదువుతో పాటు బుర్ర కూడా పోగొట్టుకుందనుకున్నాను.

ఆదివారం పొద్దున్న టీవీలో సీరియల్ అయ్యాక కాలనీ మొత్తం బయటికి వచ్చే వేళ పందెం మొదలైంది. తాడు ఒక చివర పట్టాకే ఉంది. రెండో చివర విప్పి నా చేతిలో పెట్టింది. న్యాయంగా ఉండాలని నా కుట్టుపెట్టెలోంచి దారం ఇచ్చాను, పని అయ్యాక చుట్టి ఇవ్వాలని చెప్పి. పట్టా ముడి దగ్గర్నుంచి నా పిడికిలి దాకా ఆ దారం బిగించి పట్టుకోవాలి. తాడు మొత్తం దారానికి ఆనితే గెలుపు నాది.

"సగం బకెట్టు చాలదేటే? నీళ్ళు దండగ."

"చెంబెడు పెట్టినా గెలవలేవు మామ్మా, నీ ఇష్టం."

ఆ మాటతో నిండు బకెట్టే పెట్టించాను. కాలు తన్నిపెట్టి లాగాను. బకెట్టు లేచింది. ఇంకా లాగాను. దారానికీ తాడుకీ మధ్య జానెడు ఎడం మిగిలింది. అక్కడే ఆగిపోయింది. ఎంత తిట్టినా తాడు మాట వినలేదు.

గోడ మీదనుంచి చూస్తున్న పక్కింటి ఫిట్టరు ఆగలేకపోయాడు. మా శ్రీకాకుళం వైపు వాడే, షెడ్డులో పని.

"తప్పుకో అత్తా. ఇంతకన్నా బరువులు రోజూ లాగుతాం."

"రా, చూద్దాం. తెంపీకు మాత్రం."

అతను లాగితే ఎడం నాలుగు వేళ్ళకు వచ్చింది. మొహం బీట్‌రూటు అయ్యింది. వెనకింటి ఛత్తీస్‌గఢీ ఆవిడ "జోర్ లగా! జోర్ లగా!" అని, ఇంకా బలం పెట్టమంటూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టింది. అది విని ఇంకో ముగ్గురు మగాళ్ళు వచ్చి ఫిట్టరు వెనక వరసగా తాడు పట్టుకున్నారు. నేను దారం చివర పట్టుకుని వంగి చూస్తూ అరుస్తున్నాను.

"మూడు వేళ్ళు... రెండు వేళ్ళు... ఇంకొక్క వేలు, లాగండర్రా!"

నా మనవరాలు మాత్రం చేతులు కట్టుకుని నిలబడింది. నవ్వడం లేదు. పెదవి కొరుక్కుంటోంది. ఆ ఒక్క వేలు ఎడంలోనే దాని చదువంతా వేలాడుతోంది మరి.

టప్‌మంది. మగాళ్ళు నలుగురూ ఒకరి మీద ఒకరు వెల్లకిలా పడ్డారు. బకెట్టు నేల మీద పడి, నీళ్ళన్నీ నా గంజి చీర మీదకి వచ్చాయి.

"తాడు నాసిరకం," అన్నాను మొహం తుడుచుకుంటూ.

"కాదు మామ్మా. బకెట్టు కిందికి లాగుతోంది కదా. దాన్ని ఆపాలంటే పైకి లాగేది ఏదో ఉండాలి. తాడు వాలుగా ఉంటే దాని లాగుడులో కొంత పైకి ఉంటుంది. తాడు పూర్తిగా అడ్డంగా అయిపోతే లాగుడంతా పక్కకే. పక్కకి ఎంతమంది లాగినా అందులో పైకి చిటికెడు కూడా లేదు. వంపు తగ్గేకొద్దీ అదే బకెట్టుకి తాడు ఇంకా ఇంకా గట్టిగా లాగాలి. చివరికి అదే తెగుతుంది."

నేను తెగిన కొస తీసి చూశాను. పీచు విడిపోయి, చీపురు మొనలా ఉంది. ఇలాంటి కొసలు నా ఇంట్లో ఒక సంచీడు ఉన్నాయి, పొయ్యి ముట్టించుకోడానికి దాచినవి.

"తడి చీరలేసినా ఇంతేనా?"

"అంతే మామ్మా. నువ్వు తిన్నగా బిగించినకొద్దీ..."

"చాలు. అర్థమైంది." తడిసిన కొంగు పిండుకున్నాను. "ఈ ముక్క ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదే?"

"మాస్టారు ఈ నెలలోనే కదా చెప్పారు."

ఫిట్టరు మట్టి దులుపుకుంటూ లేచాడు. "అయితే అత్తా, ఆ దుకాణం వాడికి ఏటి చెప్తావు?"

"నీ పని చూసుకో. నా తాడు తెంపినోడివి నువ్వు."

నిజానికి ఆ దుకాణం ముందునుంచి వెళ్ళాల్సి వస్తే చాలాకాలం ఎదటి పక్కకి మారి నడిచాను. ఆ దారి పొడవే, చెప్పులరుగుతాయి, అయినా సరే.

సాయంత్రం తెగిన తాడును ముడేసి, మధ్యలో జానెడు వంపు వదిలి కట్టాను. కట్టేప్పుడు నా చేతులు అలవాటుగా బిగించబోయాయి, వాటిని నేనే తిట్టుకుని ఆపాను. చీర అంచు నేలకి తగలకుండా రెండు చివర్లూ పట్టాల మీద కాస్త ఎత్తుకి జరిపాను. అంతే పని. ఇన్నేళ్ళూ అది తోచలేదు.

సోమవారం పొద్దున్న స్కూలుకి తయారైన మనవరాలు గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటూ ఆలస్యం చేసింది. పందెం గెలిచిన పిల్లే, అయినా నా మాట మీద దానికి పూర్తి నమ్మకం లేదు. ట్రంకు తాళం తీసి కాగితం బయటికి తెచ్చాను. దాని మొహం పాలిపోయింది.

"పట్టుకో. వెనకవైపంతా ఖాళీగా ఉంది. నీ బాణాల లెక్కలు ఇందులో చేసుకో. సన్నగా రాయి, మూలల్లో కూడా సందు వదలకు."

మర్నాడు డ్యూటీ దిగిన మా అబ్బాయి, టోపీ తియ్యకుండానే కాగితం ఏమైందని అడిగాడు. ఇచ్చాను. తిప్పి చూశాడు. తన సంతకం వెనక చీమల బారులా అంకెలు, వాటి మధ్య బాణాలు.

"ఇదేటమ్మా?"

"మూడూ నాలుగూ అయిదు."

వాడు నా వంక అదోలా చూశాడు.

"అలా సూడకు. నీళ్ళు కాగేయి, స్నానం చేసి రా. తువ్వాలు దండెం మీద వెయ్యి. వదులుగా ఉందని తాడు మాత్రం బిగించకు. అడిగితే నీ కూతురు చెప్తాది ఎందుకో."