డబ్బా పట్టుకుని పోయేవాడికే ఇల్లు

వికారాబాద్‌లో మాకు ఇల్లు దొరికింది మా ఆవిడ టీచరు ఉద్యోగం చూసి. నేను ఇంట్లోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఎన్నడూ చూడని దేశంలోని కంపెనీకి వచ్చే ఫిర్యాదులకు జవాబులు రాస్తాను. అక్కడ ఆ పని చేసేవాళ్లను తీసేసి నాకిచ్చారు. ఇది ఇంటి ఓనరుకు ఎంత చెప్పినా తలకెక్కలేదు.

"పెండ్లాం నౌకరికి పోతది, నువ్వు లుంగీ కట్టుకొని ఇంట్ల కూసుంటవు. వాడకట్టుల నా ఇజ్జత్ ఏంగావాలె? పొద్దుగాల డబ్బా పట్టుకొని పొయ్యేటోనికే నా ఇల్లు. మా పోరన్ని చూడు, రోజు పట్నం పోయొస్తడు. గట్ల పోతె ఉండు, లేకుంటె ఖాళీ జెయ్యి."

నాకు ఒళ్లు మండింది. కానీ కడుపుతో ఉన్న మనిషిని వెంటేసుకుని మళ్లీ ఇల్లిల్లూ తిరగలేను. తాండూరులో మా బావకు నాపరాళ్లు పాలిష్ చేసే షెడ్డు ఉంది. నౌకరీవాళ్లంతా పట్నం రైలెక్కుతుంటే, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నేను అన్నం డబ్బా పట్టుకుని ఎదురు దిక్కుకు పోయే తాండూరు రైలెక్కాను. ఇంటి దగ్గర చేసుకునే పని కోసం రోజూ రైలు ప్రయాణం! షెడ్డులో మిషన్ల మోతకు, మీటింగులో అవతలివాళ్లు "మీ ఇల్లు ఇంకా కడుతున్నారా?" అని అడిగేవారు. ఇంకొక అంతస్తు వేస్తున్నామని చెప్పేవాణ్ణి.

ఒకరోజు అదే రైల్లో, కిటికీ పక్కన, ఒళ్లో డబ్బాతో ఓనరు కొడుకు కనిపించాడు.

"అన్నా, నాయినకు చెప్పకు. మా ఆఫీసోళ్లు పనంత బయటోళ్లకిచ్చి మమ్ముల తీసేసిండ్రు. పట్నం రైళ్ల మనోళ్లు కలుస్తరని గిటు దిక్కు పోతున్న."

బయటోళ్లంటే నాలాంటివాళ్లే కదా. ప్రాణం ఉసూరుమంది. షెడ్డుకు తీసుకుపోయి నా పనిలో సగం వాడికిచ్చాను.

కొన్నాళ్లకు, మెట్లకు రాళ్లు కొందామని ఓనరే షెడ్డుకు వచ్చాడు. చెవుల్లో దూది పెట్టుకుని, రాళ్ల మీద ల్యాప్‌టాప్‌లు పెట్టుకుని కూర్చున్న మా ఇద్దరినీ చూశాడు. పక్కనున్న డబ్బాలను చూశాడు. బావతో రాళ్లకు గట్టిగా బేరమాడి వెళ్లిపోయాడు.

ఇల్లు పోయినట్టే అనుకున్నాం. మా ఆవిడ గిన్నెలు సర్దడం కూడా మొదలుపెట్టింది. ఆ కుర్రాడైతే తండ్రికి ఎదురుపడలేక చీకటిపడేదాకా స్టేషన్‌లోనే కూర్చున్నాడట.

తెల్లారి గేటు దగ్గర ఓనరు పెద్ద క్యారియర్‌తో నిలబడి ఉన్నాడు.

"జొన్నరొట్టెలు. ఇద్దరికి పెట్టిచ్చిన," అని నా చేతికిచ్చాడు. కొడుకు ముఖం చూడలేదు.

నేనేదో చెప్పబోయాను. ఎదురింటాయన అరుగు మీద కూర్చుని మావైపే చూస్తున్నాడు. ఓనరు గొంతు పెంచాడు.

"నడువుండ్రి, నడువుండ్రి! ఆఫీసుకు లేటయితది."