రాజేశ్వరక్క, రష్యా నుంచి వచ్చిన గద్ద

చలికాలంలో కలకత్తాకు తూర్పున చేపల చెరువుల నీళ్లు తోడేస్తారు. అప్పుడు ఆ దారిన పోయే బస్సు కిటికీలోంచి బురద వాసన ముఖానికి కొడుతుంది. పచ్చి చేప, నాచు, ఎండలో ఆరుతున్న వల అన్నీ కలిసిన వాసన. పక్క సీటువాళ్లు కిటికీ మూసేస్తారు. నేను కూర్చున్న వైపు మాత్రం మూయను. ఆఫీసుకు చేరేదాకా ఆ వాసన నా చున్నీలో ఉంటుంది. చేరేదాకా రాజేశ్వరక్క కూడా నాతోనే ఉంటుంది.

నేను వరంగల్ నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి కలకత్తా వచ్చిన కొత్తలో ఆదివారాలు గడవక పిట్టలు చూసే ఒక చిన్న బృందంతో తిరగడం మొదలుపెట్టాను. ఆ బృందానికి పెద్ద రాజేశ్వరి. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేది. ఆమె తాత శ్రీకాకుళం దగ్గరి పల్లె నుంచి వచ్చి రేవులో పని చేశాడట, తండ్రి కార్పొరేషన్ నీళ్ల పంపుల దగ్గర. రేవు దగ్గరి ఖిదిర్‌పూర్ సందులో మూడో అంతస్తులో ఉండేది. పాఠం బెంగాలీలో చెప్పేది. తెలుగు ఆమెకు ఇంట్లో విన్న భాష మాత్రమే. చదవడం దాదాపు రాదు. మొదటిసారి నేను తెలుగులో "మేడమ్" అని పిలిస్తే దుర్భిణి దించి నన్ను ఎగాదిగా చూసింది. "మేడం ఏటి, కాలేజీలో ఇన్నది సాల్దా? అక్కా అను," అంది. తర్వాత సంచిలోంచి మరమరాల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది.

ఆ ఏడాది ఆమెకు రష్యాలో ఉన్న ఒక పాత స్నేహితురాలి నుంచి కబురు వచ్చింది. అక్కడ అడవుల మధ్య సరస్సు ఒడ్డున గూళ్లు కట్టుకునే గద్దల పిల్లలకు, ఎగరడం నేర్చుకోకముందే వీపు మీద చిన్న యంత్రాలు కట్టారు. ఎండతో నడిచే ఆ యంత్రం పిట్ట ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా చెబుతూ ఉంటుంది. చేపలు మాత్రమే తినే ఈ గద్దను బెంగాలీలు మాఛ్‌మురాల్ అంటారు. తన నాన్న కొరమీను గద్ద అనేవాడని రాజేశ్వరక్క చెప్పింది. అవి చలికి తాళలేక దక్షిణానికి వస్తాయి. వాటిలో ఏదైనా మన వైపు వస్తే చూసిపెట్టమని స్నేహితురాలు అడిగింది. కంప్యూటరు పని తెలిసినదాన్ని కాబట్టి పటం మీద చుక్కలు గమనించే బాధ్యత నాకు వచ్చింది.

ఆ పిల్లల గురించి అక్క చెప్పిన ఒక సంగతి నన్ను పట్టుకుని వదల్లేదు. తల్లి ముందే వెళ్లిపోతుంది. తండ్రి కొన్నాళ్లు చేపలు తెచ్చి పెట్టి తానూ రావడం తగ్గిస్తాడు. పిల్ల ఒక్కతే, ఎన్నడూ చూడని దారిలో, ఎవరూ పక్కన లేకుండా బయలుదేరుతుంది. అప్పటికి మా అమ్మ పోయి ఏడాది కాలేదు. ఆ రోజు అక్క నాకు చేపల పులుసు వడ్డించి, ముళ్లు తానే ఏరి కంచంలో వేసింది. నాకు ముళ్లు తీయడం రాదని అంతకుముందే గమనించినట్టుంది.

పిట్టలకు పేర్లు పెట్టవద్దని బృందమంతటికీ చెప్పింది. అంకెతోనే పిలవాలి, మనసు పడితే కళ్లు సరిగా చూడవు అంది. ఆ గద్ద పిల్లల్లో ఒక ఆడది కజకస్థాన్ మీదుగా దిగి, మంచుకొండలు దాటి, బిహార్ నదుల వెంట బెంగాల్లోకి రాగానే అక్క తానే ఫోన్ చేసింది. "సిన్నమ్మి ఎక్కడికొచ్చింది పిల్లా?" అని. నేను నవ్వితే తానూ నవ్వింది. "అంకె నా నోటికి తిరగట్లేదులే," అంది.

సిన్నమ్మి కలకత్తా చెరువుల దగ్గరే ఆగింది. ఇక్కడివాళ్లు భేడీలనే ఆ చేపల చెరువుల మధ్య ఒక కరెంటు స్తంభం మీద దాన్ని మొదటిసారి చూశాం. తెల్లటి తల, కంటి మీదుగా నల్లటి గీత, వీపు మీద వెంట్రుకంత తీగ. నీళ్లలోకి దూకింది, ఉత్త కాళ్లతో లేచింది. మళ్లీ దూకింది, మళ్లీ ఏమీ లేదు. నాకు చూడబుద్ధి కాలేదు. అక్క మాత్రం కన్ను తీయలేదు. "కాళ్లు కాస్త ముందే సాపుతోంది," అని గొణిగింది. ఎండ ఎక్కాక ఎప్పటికో ఒక చిన్న చేప దొరికింది. అక్క నా వీపు మీద ఒక్కటి చరిచింది, చేప పట్టింది నేనే అన్నట్టు.

జనవరిలో ఒక ఉదయం పటం తెరిస్తే చుక్క ముందు రోజు ఉన్నచోటే ఉంది. అంతకుముందు రోజూ అక్కడే. అక్కకు ఫోన్ చేశాను.

"అక్కా, చచ్చిపోయింది."

"ఏటి సూసావు?"

"చుక్క కదలట్లేదు."

"మరి సుక్క కదల్నేదని సెప్పు. మిగతాది ఎల్లి సూద్దాం. బస్టాపు కాడికి రా."

బస్సు దిగి చెరువుల వైపు నడిచాం. చెరువు గట్టు మీద హరన్ అనే చేపల పెంపకందారు ఎదురొచ్చాడు. పిట్టలు పిల్లచేపల్ని ఎత్తుకుపోకుండా చెరువు మీద నైలాన్ దారాలు కట్టింది అతనే. వాటి గురించి అంతకుముందు అక్కతో వాదించింది కూడా అతనే. "దీదీ, తిట్టకండి," అన్నాడు బెంగాలీలో. గుడిసె వెనక్కి తీసుకెళ్లి బోర్లించిన వెదురు బుట్ట చూపించాడు. బుట్ట మీద తడి గంఛా తువ్వాలు. లోపల సిన్నమ్మి, ఒక రెక్క వేలాడేసుకుని, పసుపు కళ్లతో మమ్మల్ని కోపంగా చూస్తోంది. రెండు రోజుల కిందట దారాల్లో చిక్కుకుంటే కోసి తీశాడట. చేపలు పెడితే తింటోందట.

అక్క అక్కడే మట్టిలో చతికిలబడింది. హరన్ చేయి పట్టుకుని కాసేపు వదల్లేదు. ఆ తర్వాత అటవీశాఖ వైద్యుడు రావడం, రెక్కకు కట్టు కట్టడం, కొన్ని వారాలకు దాన్ని అదే గట్టు మీద వదలడం అయ్యాయి. అక్క తన పాత చీరలు పీలికలు చేసి తెచ్చింది. పిట్టలకు కనిపించేలా వాటిని దారాలకు ముడివేస్తూ హరన్, అక్క చెరో గట్టున పొద్దంతా గడిపారు. వాళ్లు చేపల ధర గురించి పోట్లాడుకోవడం నాకు ఈ గట్టు దాకా వినిపించింది.

ఆ గద్దల పిల్లలు మొదటి ఎండాకాలం తిరిగి వెళ్లవు. సిన్నమ్మి ఇంకో ఏడాది మాతోనే ఉండి ఆ మరుసటి వసంతంలో ఉత్తరానికి లేచింది. అప్పటికి అక్క ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో ఉంది. రోజూ సాయంత్రం పటం తీసుకెళ్లి చూపించేదాన్ని. కొండలు దాటాక ఒక లోయ దగ్గర నుంచి సంకేతం రావడం మానేసింది. ఏదో ఒకటి చెప్పి దాటేయడానికి లేదు, నేను వెళ్లగానే ఆమె మొదట అడిగేదే అది. ఆమె మేనల్లుడు నన్ను వరండాలోకి పిలిచాడు. "రష్యా చేరిందని సెప్పీండి. అత్తకి కాస్త సంతోసంగా ఉంటాది," అన్నాడు. అతను చెడ్డ మాటేమీ చెప్పలేదు. నాకూ అలాగే చెప్పాలనిపించింది.

లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. "కొండలు దాటింది అక్కా. ఆ తర్వాత సంకేతం లేదు," అన్నాను.

ఆమె ఆక్సిజన్ గొట్టం సరిచేసుకుంది. "సివరాకర్న ఎటేపు ఎల్తోంది?"

"ఉత్తరానికే."

"బాగా ఎగిరిందా?"

"ఆ రోజంతా ఆగకుండా ఎగిరింది."

"అయితే సూపించు." చివరి గీతను వేలితో మెల్లగా తడిమింది. కన్నీళ్లు కారాయి, తుడుచుకోలేదు. "ఈ మాట నువ్వు కాబట్టి సెప్పావు," అంది. తర్వాత పెసరట్టు తినాలనుంది, ఇక్కడ ఎవరూ చేయరు అని సణిగింది. మర్నాడు చేసి తీసుకెళ్లాను. సగం తింది.

వానలు పడుతుండగా అక్క పోయింది. సిన్నమ్మి సంకేతం మళ్లీ రాలేదు. యంత్రం చెడిందో, పిట్టకే ఏమైనా అయిందో ఈ రోజుకీ తెలియదు.

పోయిన ఏడాది మా చెల్లెలి భర్త ఆఫీసు పని మీద కలకత్తా వచ్చి రోడ్డు ప్రమాదంలో పడ్డాడు. ఆస్పత్రికి మొదట చేరింది నేను. వరంగల్‌లో ఉన్న చెల్లికి ఫోన్ చేయాలి. బంధువులు ఒక్కొక్కరే దానికి ఫోన్ చేసి ఏం కాలేదు, భయపడకు అంటున్నారట. నేను ఇలా చెప్పాను: "కాలు విరిగింది. తలకు దెబ్బ తగిలింది. నాతో మాట్లాడిండు, నీ పేరు చెప్పిండు. ఇప్పుడే ఆపరేషన్‌కు తీసుకపోయిన్రు. తల సంగతి డాక్టర్లకు ఇంకా తెల్వదు. తెలిసిన వెంటనే చెప్త." అది ఏడవలేదు. "సరే అక్కా, బయలుదేరుతున్నా," అంది.

అతను కోలుకున్నాడు. ఆ తర్వాత చెల్లి ఒకసారి అంది, అందరూ ధైర్యం చెప్పే కొద్దీ ఏం దాస్తున్నారో అని భయం పెరిగిందనీ, నా మాట విన్నాకే బ్యాగు సర్దుకోగలిగాననీ. అలా చెప్పడం ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. దానికి రాజేశ్వరక్క ఎవరో తెలియదు. ఆ సాయంత్రమంతా కూర్చోబెట్టి చెప్పాను.