రోజీ అల్లిన మఫ్లరు

మా చిన్నప్పటి ఆ చలికాలం... కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో మా హాస్టలు వరండా నిండా ఆకుపచ్చ ఊలు ఉండలే. బంగ్లాదేశ్ యుద్ధం జరుగుతోంది. గనిలో షిఫ్టు సైరను మోగినా విమానాలొచ్చాయేమోనని ఉలిక్కిపడేవాళ్ళం. ఎనిమిదో తరగతి ఆడపిల్లలందరూ సైనికులకు తలా ఒక మఫ్లరు అల్లాలని కుట్టుపని టీచరు చెప్పారు.

మా ఊరు నంగలి. నా పక్క చాప రోజీది, మాలూరు పిల్ల. వాళ్ళ నాన్నకు ఇటుకబట్టీలో పని. అన్న సైన్యంలో ఉన్నాడు. యుద్ధం మొదలయ్యాక అతని నుంచి ఉత్తరమే లేదు.

నాకు అల్లిక నేర్పింది రోజీయే... తన చేతిలో గీత గీసినట్టు వచ్చే అంచు నా చేతిలో వంకర్లు పోయేది. దస్తూరీ తనదే బాగుండేది, పాటా తనదే. టీచర్లు మెచ్చుకున్నప్పుడల్లా నేనూ నవ్వేదాన్ని... లోపల మాత్రం ఏదో గుచ్చుకునేది.

ప్రతి మఫ్లరుకూ అల్లినవాళ్ళ పేరు రాసిన గుడ్డపీలిక కుట్టాలి. ఆ పని టీచరు నాకు అప్పగించారు. బాగున్న మూడింటిని ప్రార్థనలో అందరికీ చూపిస్తారని విన్నాను. రోజీ మఫ్లరుకు నా పేరు కుట్టేశాను. నా మఫ్లరుకు రోజీ పేరు.

మర్నాడు ప్రార్థనలో నా పేరు పిలిచారు. అందరూ చప్పట్లు కొట్టారు, రోజీ కూడా. తన అల్లిక తనకు తెలియకుండా ఉంటుందా...

రెండు రోజుల తర్వాత, బట్టలుతికే బండ దగ్గర, గని వ్యర్థాలు పోసిన సైనైడు దిబ్బల దుమ్ము పట్టిన పావడా పిండుతూ, రోజీ నా వైపు చూడకుండానే అంది.

"అది మా అన్నకే చేరాలని రోజూ ప్రార్థన చేసినాను పద్మా. నా పేరు చూస్తే, నేను తలుచుకుంటా ఉండానని తెలుస్తాదని. ఇంగ ఆ వంకర మఫ్లరు చేరినా, అది నేనే అల్లినానంటే మా అన్న నమ్మడు."

తిట్టి ఉంటే బాగుండేది. తడి చేతులతోనే టీచరు దగ్గరికి పరుగెత్తాను. మఫ్లర్ల మూట పొద్దున్నే రైలెక్కిందట. జరిగిందంతా చెప్పేశాను. ఆమె కొట్టలేదు. చప్పట్లు అందరి ముందూ కొట్టించుకున్నావు కదా, ఇది కూడా అందరి ముందే చెప్పమన్నారు. మర్నాడు ప్రార్థనలో చెప్పాను.

రోజీ తన చాపను అవతలి గోడ పక్కకు మార్చుకుంది. అన్నం దగ్గర కూడా వేరే వరుస.

యుద్ధం ఆగిపోయిందని రేడియోలో చెప్పిన రోజు హాస్టలంతా కేరింతలే. రోజీ మాత్రం ఆ తర్వాత కూడా రోజూ పోస్టుమాన్ కోసం గేటు దగ్గరే నిలబడేది. తనను చూసినప్పుడల్లా మా ఊరి దేవుడికీ, ప్రార్థన గదిలోని యేసుకీ, ఇద్దరికీ చాటుగా దండం పెట్టుకునేదాన్ని... వాళ్ళన్న కోసం.

ఒక మధ్యాహ్నం మేం వరండాలో బియ్యం ఏరుతున్నాం. గేటు దగ్గర్నుంచి రోజీ పరుగెత్తుకొచ్చింది, చేతిలో ఉత్తరం. అక్కడ అంతమంది ఉన్నా నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"పద్మా, మా అన్న ఉండాడు. బాగుండాడంట."

నాతో మాట్లాడటం మానేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చిందేమో, ఒక్క క్షణం ఆగింది. నేను చేట పక్కన పెట్టి లేచేలోపే నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. నేనూ ఏడ్చాను...

చాప మాత్రం ఆ రోజే వెనక్కి రాలేదు. ఇంకో వారం పట్టింది. ఆ తర్వాత తన కుట్టుపని ఏదీ నా చేతికి ఇవ్వలేదు కూడా. కానీ పదో తరగతి అయ్యేదాకా పక్కపక్కనే పడుకున్నాం.

ఇప్పుడు మనసు విరిగితే ఫోనులోంచి పేరు తీసేస్తాం, మళ్ళీ ముఖం చూడనక్కర్లేదు. అప్పుడలా కుదిరేది కాదు... అలిగినా అదే కుళాయి, అదే వరండా. క్షమించడానికి అందుకే అంత వ్యవధి దొరికేదేమో.

మీతో మాట్లాడటం మానేసి, ఒక సంతోషం కలగగానే అది మరచిపోయి ముందు మీ దగ్గరికే పరుగెత్తుకొచ్చిన మనిషి ఎవరైనా ఉన్నారా... వాళ్ళ గురించి రెండు మాటలు రాయండి, చదవాలని ఉంది.