తోమేసిన పెనం

మా తోడికోడలు పోయింది. గుంటూరు ఆసుపత్రి నుంచి ఆమె కొడుకు ఫోన్ చేశాడు. "పిన్నీ, స్టవ్ దగ్గరున్నావా? ముందు ఆపెయ్యి. ఆపావా?" అన్నాడు. ఆపాననగానే భోరుమన్నాడు. నాకు ఏ కబురైనా అలాగే చెప్పాలని వాళ్లమ్మే నేర్పింది. ఆయాసమని కారెక్కిన మనిషి తిరిగి వస్తుందనే అనుకున్నాను. కాదు, రాదేమోననే అనుకున్నాను. నేనెప్పుడూ చెడ్డే అనుకుంటాను. ఎన్నోసార్లు అది తప్పయింది. ఈసారి నిజమైంది.

అన్నదమ్ములిద్దరినీ చేసుకుని ఒకే ఇంటికి వచ్చాం. ఆమె పెద్దది, నేను అక్కా అనేదాన్ని. నాకు నిప్పంటే భయం. అందుకని తరగడం, నూరడం నాది, పొయ్యి ఆమెది. ఎవరూ పంచలేదు, అలా జరిగిపోయింది. మగవాళ్లిద్దరూ ముందే కాలం చేశాక కూడా అంతే. ఇన్నేళ్లలో నేను ఒక్క మాంసం ముక్క కాల్చి ఎరగను.

మా ఇంట్లో అట్ల పెనం వేరు, మాంసం పెనం వేరు. మాంసం పెనమంటే అక్క కమ్మరి చేత చేయించుకున్న మందపాటి ఇనప పలక. రెండు పొయ్యిల మీద అడ్డంగా పరుచుకునేది. దాన్ని కడగనిచ్చేది కాదు. వేడి మీదే రాళ్లుప్పు చల్లి, గుడ్డతో తుడిచి, సగానికి కోసిన ఉల్లిపాయతో నూనె రాసేది. నూనె తాగి తాగి అది వాన పడ్డ రేగడి నేలలా నల్లగా నిగనిగలాడేది.

ఆదివారం మేక కార్జం ముక్కలకు ఉప్పూ, పసుపూ, మా చేలో పండిన మిరప కారమూ పట్టించి ఇచ్చేదాన్ని. ఆమె ఒక పొయ్యి పెద్దగా, రెండోది సన్నగా పెట్టి, పెనం మీద వేలితో నీళ్ల చుక్క విదిలించేది. చుక్క పూసలా పరిగెత్తితేనే ముక్క వేసేది. ఒక పక్క కాల్చి, రెండో పక్కకు జరిపి మగ్గనిచ్చేది. ఆ ఘాటుకు వాకిట్లో వాళ్లు కూడా దగ్గేవాళ్లు.

"అక్కా, మంట పైకొస్తంది, తగ్గించు!"

"మంటేనే పిరికిదానా, పాము కాదు. కిటికీ తియ్యి."

"అంటుకుందేమో, తిప్పక్కా."

"గీకమాక. కాలితే అదే వదులుద్ది. కంగారు నీకే, ముక్కకి లేదు."

మొదటి ముక్క ఊది నా నోట్లో పెట్టేది. నేను ఉడికిందంటేనే మిగతావాళ్లకు. భయస్తురాలు చెబితే నమ్మొచ్చని నవ్వేది. పడుకోబోతూ అవతలి గదిలోంచి కేకేసేది. "గ్యాసు కట్టావా?" కట్టానక్కా అనేదాన్ని. "మళ్లీ లేచి చూడమాక. నేను చూశాలే." ఆ మాట విన్నాకే నాకు నిద్ర పట్టేది. ఇంత పిరికిదాన్ని ఇన్నాళ్లు బతికానంటే, మంటకూ నాకూ మధ్య ఆమె నిలబడబట్టే.

మూడో రోజు చిన్నకర్మ. మైల పోవాలని, వచ్చిన ఆడవాళ్లు ఇల్లు కడిగి, గిన్నెలన్నీ పెరట్లో వేసి తోమారు. నేను ఓ మూల కూలబడి ఉన్నాను. లేచి వంటింట్లోకి వెళ్లేసరికి మాంసం పెనం స్టవ్ పక్కన తెల్లగా మెరుస్తోంది.

"ఎంత మడ్డి పట్టిందొదినా! పీచు అరిగిపోయింది, సబ్బు అయిపోయింది" అంది పక్కింటామె. పాపం, మంచికే చేసింది.

పిట్టకు పెట్టే విస్తట్లో పోయినవాళ్లకు ఇష్టమైనది ఉండాలి. కాకి దాన్ని ముట్టకపోతే కోరిక మిగిలిపోయినట్టు. ఆమెకిష్టం పెనం మీద కార్జమే. "నువ్వే చెయ్యి పిన్నీ, అమ్మ పక్కనే ఉండేదానివిగా" అన్నాడు అబ్బాయి. పక్కన ఉన్నాను, అంతేగా!

రెండు పొయ్యిలూ సన్నగానే వెలిగించాను. పెంచుదామంటే చెయ్యి రాలేదు. ముక్కలు వేస్తే నీరు ఊరి, నూనె పొర పోయిన ఇనుముకు అతుక్కుపోయాయి. గీకమాక అన్న మాట గుర్తుంది. వదులుతాయని నిలబడ్డాను. వదల్లేదు. అడుగు మాడింది, పైన పచ్చిగానే ఉంది. చివరికి అట్లకాడతో గీకాను.

డాబా మీద విస్తరి పెట్టారు. కాకి వచ్చి గారె ముక్క ఎత్తుకుంది, అన్నం పొడిచింది. కార్జం దాకా వచ్చి, చూసి, పక్కకు గెంతి ఎగిరిపోయింది. "ముట్టింది, ముట్టింది, కిందికి పదండి" అన్నారు. అందరూ దిగిపోయారు. నేను మాత్రం, మళ్లీ వస్తుందేమోనని ముక్కలకు చీమలు పట్టేదాకా ఎండలో నిలబడ్డాను. ఆకలితో పంపానా అక్కా అని అడిగితే చెప్పేవాళ్లెవరు?

ఇప్పుడు రోజూ ఆ పెనానికి ఉల్లిపాయతో నూనె రాస్తున్నాను. తెల్లారేసరికి అక్కడక్కడా తుప్పు. తుడిచి, సన్నటి మంట మీద పెట్టి, వేలు తడిపి ఒక చుక్క విదిలిస్తాను. అది పరిగెత్తదు. పడ్డచోటే అణిగి ఆరిపోతుంది. గ్యాసు కట్టేసి వచ్చి పడుకుంటాను. కట్టావా అని ఎవరూ అడగరు. లేచి మళ్లీ వెళ్లి చూస్తాను. మీట కట్టే ఉంటుంది. తెల్లటి పెనం మీద, చుక్క ఆరినచోట మచ్చ.