ఎండల్లో ఎర్రబడని బంగారం

మొన్న గోపన్‌పల్లిలోని మా ఫ్లాటుకు మంచినీళ్ళ ఫిల్టరు బిగించడానికి వచ్చినాయన, డబ్బా మీది బొమ్మ చూపిస్తూ, ఇందులో నానో వెండి ఉంది మేడమ్, క్రిమి అన్నది మిగలదు అని, సంతలో వంకాయలు అమ్మినంత సులువుగా చెప్పేసి వెళ్ళాడు. ఆ మాటకు నాకు మురిపెం కలగాలి గానీ, నిజం చెప్పొద్దూ, ఒళ్ళు మండింది. ఈ గోపన్‌పల్లి ఇంకా పల్లెగా, రాళ్ళగుట్టలుగా ఉన్న తొంభైల చివరి రోజుల్లో, పక్కనున్న విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేస్తూ, కంటికి ఆననంత సన్నని బంగారు రేణువుల కోసం నేను పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

బంగారు లవణాన్ని నీళ్ళలో కరిగిస్తే లేత పసుపుగా ఉంటుంది. అందులో తగిన మందు కలిపితే బంగారం రేణువులుగా పుట్టి మెల్లగా పెరుగుతుంది. అవి విడివిడిగా నిలిస్తే ఆ నీళ్ళు దానిమ్మరసంలా ఎర్రబడతాయి, ఒకదానికొకటి అంటుకుంటే ఊదారంగుకు తిరిగి చివరికి అడుగున నల్లని మడ్డి మిగులుతుంది. అందరూ నీళ్ళు మరగబెట్టి చేస్తుండగా మా గైడుగారు పొయ్యి అక్కర్లేని పద్ధతి ఒకటి కనిపెట్టారు. డిసెంబరు, జనవరి చలిలో నేను చేసిన ప్రతిసారీ ఎరుపు వచ్చింది. ఆయన సంబరం పట్టలేక, వేడీ వద్దు, చలవా వద్దు, మామూలు గదిలో బల్ల మీద పెడితే చాలని ఫిబ్రవరిలో ఒక పెద్ద సభలో ప్రకటించేశారు. ముందుంది ముసళ్ళ పండగ అని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మార్చి దాటేసరికి రేకుల కప్పు కింద మా ల్యాబు పెనంలా కాగడం మొదలుపెట్టింది, నా సీసాల్లో ఎరుపు మాయమైంది. నీళ్ళు మార్చాను, సీసాలు తోమిందే తోమాను, కొత్త లవణం తెప్పించాను. ఏం చేసినా అదే ఊదా, అదే మడ్డి. ఉక్కపోతకు ఏడుపొచ్చేది, ఏడిస్తే ఆ కన్నీటి ఉప్పు సీసాలో పడి ఇంకా పాడవుతుందేమోనన్న భయంతో బయటికెళ్ళి ఏడ్చేదాన్ని. దోషం ఎండదేనని ఎట్టకేలకు తెలుసుకుని, చల్లబరిచే తొట్టి ఒకటి తెప్పించమని అడిగితే గైడుగారు వినిపించుకోలేదు. చలవా అక్కర్లేదని సభలో చెప్పిన మనిషి తొట్టి ఎలా అడుగుతారు? నాకేమో జూన్‌తో ఫెలోషిప్ అయిపోతుంది. ఆలోగా థీసిస్‌లో ఆ చివరి అధ్యాయం పూర్తికాకపోతే చదువు మాన్పించి అమీర్‌పేటలో కంప్యూటరు కోర్సులో చేర్పిస్తామని ఇంట్లో తేల్చేశారు. ఊరంతా ఆ కోర్సుల వెంట పరుగెత్తుతున్న కాలమది, మీకూ గుర్తుండే ఉంటుంది.

అప్పుడు నేను మదీనాగూడలో అక్కా బావల దగ్గర ఉండేదాన్ని. అక్క గుంటూరు నుంచి వచ్చిన నర్సు, బావ మెదక్ మనిషి, హైటెక్ సిటీలో కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఏసీలు చూసేవాడు. నా మొహం చూడలేక ఒకరోజు ఆయనే అన్నాడు: "గింత సీసకు గంత పరేషాన్ ఏందే మరదలా? మా కంప్యూటర్ల గదిల పెడ్దాం, సలికాలం లెక్కనే ఉంటది."

ఆదివారం చర్చి నుంచి అటే వెళ్ళాం. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన నా సంచి తెరిపించి, ఏమిటివని అడిగితే బావ బంగారం నీళ్ళన్నాడు. "గట్లయితె జర నాకు గూడ పొయ్యిండ్రి సార్" అని నవ్వి వదిలేశాడు. మనుషులు చెమటతో తడిసిపోతున్న ఊళ్ళో యంత్రాలకు అంత చల్లని గదా అని నాకు అసూయ పుట్టింది. అక్కడే ఓ మూల కలిపి పెట్టాను. సాయంత్రానికి ఎర్రబడింది, నెలల తర్వాత చూసిన ఆ రంగుకు నేను ఏడ్చినా ఈసారి బయటికెళ్ళలేదు.

మర్నాడు సీసా గైడుగారి చేతికిచ్చాను. కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి చిన్నపిల్లాడిలా నవ్వారు. ఎక్కడ చేశావన్నారు, చెప్పాను. నెమ్మదిగా బల్ల మీద పెట్టేశారు.

"ఇది రాస్తే నేను సభలో చెప్పింది తప్పని మనమే ఒప్పుకున్నట్టమ్మా. చలికాలం దాకా ఆగు, మన గదిలోనే వస్తుంది."

ఆయన చెడ్డవారు కాదు, అందుకే ఇంకా కోపం. ఎర్రటి రుజువు ఎదురుగా ఉంది, కానీ దాన్ని రాసుకునే హక్కు నాకు లేదు. నాకు గడువు లేదు, ఇంట్లో వాళ్ళకు ఓపిక లేదు. జూలైలో అమీర్‌పేటలో చేరాను, తర్వాత ఇన్నేళ్ళూ అలాంటి అద్దాల భవనాల్లోనే శాలువా కప్పుకుని ఉద్యోగం చేశాను.

ఆ ఏడు చలి తొందరగా వచ్చింది. నా బల్ల దగ్గర కూర్చున్న కొత్త విద్యార్థికి మొదటిసారికే ఎరుపు వచ్చిందనీ, ఆ పద్ధతి మామూలు గదిలో చేసినట్టుగానే పత్రికలో అచ్చయిందనీ తెలిసింది. ఇప్పుడు ఆ ల్యాబులన్నిటికీ ఏసీలున్నాయట, పిల్లలు ఎన్ని డిగ్రీల దగ్గర చేశారో దాచకుండా రాస్తారట, రానిది రాలేదని రాసినా ఎవరి పరువూ పోదట. ఎండల్లో అది ఎర్రబడదని ముందుగా తెలుసుకున్నది నేను. ఆ ఒక్క మాటా ఎక్కడా అచ్చుకాలేదు.