అత్తగారి వాంగ్మూలం

తిరువూరు కోర్టులో నా ప్రాక్టీసంతా గట్టు తగాదాలు, భరణం కేసులు, చెల్లని చెక్కులు. విదేశీయుల చట్టం లా కాలేజీలో పరీక్ష కోసం చదివి మర్చిపోయాను. అలాంటి నా దగ్గరికి ఒక మధ్యాహ్నం ఒకామె ఆరేళ్ళ పాపను వెంటబెట్టుకుని వచ్చింది.

"మేడం, నన్ను పంపించేస్తారంట," అంది కూర్చోకుండానే.

ముఖం చూసి మణిపూర్ అమ్మాయేమో అనుకున్నాను. కాదు, ఫిలిప్పీన్స్. కువైట్‌లో ఒకే ఇంట్లో ఆమె వంటమనిషి, భర్త డ్రైవరు. అక్కడి చర్చిలోనే పెళ్ళి. పాప కడుపులో ఉండగా విస్సన్నపేట దారిలో ఉన్న అతని ఊరికి వచ్చేశారు. ఇండియన్‌కి భార్యగా ఏటేటా వీసా పొడిగించుకునేవాళ్ళు. ఇంతలో అతనికి కిడ్నీలు పాడయ్యాయి. విజయవాడ ఆసుపత్రుల చుట్టూ తిరగడంలో వీసా గడువు సంగతి ఇద్దరికీ పట్టలేదు. అతను పోయాడు. మనిషి పోయిన దుఃఖంలోంచి తేరుకోకముందే దేశం విడిచి వెళ్ళమని నోటీసు వచ్చింది.

"పాపను నాతో తీసుకెళ్ళొచ్చా?" అని అడిగింది.

"పాప ఇక్కడి పౌరురాలు. పాస్‌పోర్టు లేదు. నోటీసు గడువులోపల రాదు."

"అంటే నేనొక్కదాన్నే," అంది. పాప నా బల్ల మీది పిన్నులన్నీ ఒక వరసలో పేర్చుకుంటోంది.

విజయవాడలో నాకు తెలిసిన సీనియర్ ప్లీడరుకి ఫోన్ చేశాను. ఆయన అంతా విని, "బిడ్డ కోసం ఉండనివ్వమని దరఖాస్తు పెట్టు. లోకల్‌గా విచారణ జరుగుతుంది. భర్త లేడు, పెళ్ళి ఇక్కడ రిజిస్టరు కాలేదు. అత్తగారి మాట మీదే ఉంటుందమ్మా," అన్నారు.

"బర్త్ సర్టిఫికెట్‌లో తల్లిగా ఈమె పేరే ఉంది కదండీ?"

"ఉంటే ఉంది. ఇక్కడ ఈమెకి ఇల్లుందనీ, నావాళ్ళనేవాళ్ళు ఉన్నారనీ ఎవరు చెప్తారు?"

ఆ అత్తగారు పెద్దకొడుకు దగ్గర ఉంటోంది. ఒకటే వాకిలి, రెండు గుమ్మాలు. చిన్నకొడుకు పోయినప్పటి నుంచి కోడలితో మాట లేదు.

దరఖాస్తు పెట్టిన సంగతి తెలిసి పెద్దకొడుకు నా ఆఫీసుకి వచ్చాడు. గొడవకి వచ్చాడనుకున్నాను. ఎంతో నెమ్మదిగా మాట్లాడాడు. "ఆమె మీద మాకేం కోపం లేదండి. కాయితాలు పక్కా అయితే పాపను తీసుకుని విమానం ఎక్కేస్తుంది. తమ్ముడు పోయాడు, ఆ పిల్లా పోతే మా అమ్మ బతకదు మేడం గారూ. ఆమె ఒక్కతే వెళ్తే పాప మా దగ్గరుంటుంది. అందుకే అమ్మని ఏమీ చెప్పొద్దన్నాను."

అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. నాకు భయం వేసింది కూడా అందుకే.

కోడలిని పిలిపించి సూటిగా అడిగాను. "కాయితాలు వస్తే ఇక్కడే ఉంటావు కదా?"

చాలాసేపు చేతుల వంక చూసుకుంది. "తెలీదు మేడం. మా అమ్మ అక్కడ మంచంలో ఉంది. ఒక్కసారన్నా చూడాలి. తర్వాత సంగతి నిజంగా తెలీదు."

ఉంటానని ఒక్క మాట అంటే నా పని ఎంత తేలికయ్యేదో.

అది మామిడికాయల రోజులు. అత్తగారు రెడ్డిగూడెం వైపు ఒక తోటలో కాయలు ఏరే పనికి వెళ్తోందని విని అక్కడికే వెళ్ళాను. షెడ్డు కింద కూర్చుని మచ్చ కాయలు ఒక పక్కకి, మంచివి ఒక పక్కకి వేస్తోంది. తల ఎత్తకుండానే అడిగింది.

"పిల్లని తీసుకుని వెళ్ళిపోద్దా, ప్లీడరమ్మా?"

వెళ్ళదు అనే మాట నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ముసలిదాని మొహం చూశాక అనలేకపోయాను. "తెలీదమ్మా. ఆమెకే తెలీదు," అన్నాను.

"మరి నన్నేం చెప్పమంటావు?"

"జరిగింది జరిగినట్టు చెప్పండి. అంతే."

ఇంకో కాయ చేతిలోకి తీసుకుంది.

విచారణ రోజు పోలీస్ స్టేషన్లో కరెంటు లేదు. ఆఫీసరు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. అత్తగారి వెనకే పెద్దకొడుకు నిలబడ్డాడు. కోడలు గోడవారగా పాపని దగ్గరికి అదుముకుని ఉంది.

"ఈమె మీకేమవుతుందమ్మా?" అన్నాడు ఆఫీసరు.

మళ్ళీ అడిగాడు. ముసలామె మనవరాలి వంకే చూస్తోంది.

"మీరేమీ చెప్పకపోతే ఏమీ కాదని రాసుకోవాల్సొస్తుంది."

"నా కొడుకు లేవలేని రోజుల్లో దొడ్డికి మోసుకెళ్ళింది ఈ పిల్లే," అంది ముసలామె ఉన్నట్టుండి. "నేను కాదు, నాకు నడుం వంగదు. వీడూ కాదు. కోడలు కాకపోతే ఎవతి చేస్తది బాబూ?"

"అమ్మా!" అన్నాడు పెద్దకొడుకు.

ఆమె వెనక్కి తిరగలేదు. "పిల్లని తీసుకుపోకుండా ఏమన్నా రాయగలవా?" అని ఆఫీసరుని అడిగింది.

"అది నా చేతిలో లేదమ్మా."

ముసలామె పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "సరే. అయినా అదే రాసుకో. నా కోడలే."

పెద్దకొడుకు బండి తీసుకుని ఒక్కడే వెళ్ళిపోయాడు. వాళ్ళు ముగ్గురూ షేర్ ఆటో ఎక్కారు. ఆటో కదిలేదాకా అత్తాకోడళ్ళు ఒక్క మాట మాట్లాడుకోవడం నేను చూడలేదు.

వీసా ఏడాదికి పొడిగించారు. కోడలి పౌరసత్వం కోసం పెట్టిన దరఖాస్తు ఇంకా నడుస్తోంది. అది తేలేదాకా ఏటా పొడిగింపు, ఏటా విచారణ. ప్రతిసారీ అత్తగారు వచ్చి వాంగ్మూలం ఇస్తుంది. ప్రతిసారీ ఆమె నోరు తెరిచేదాకా ఏం చెప్తుందో నాకు తెలీదు.

కిందటేడు పొడిగింపు రాకముందే ఫిలిప్పీన్స్‌లో కోడలి తల్లి చనిపోయింది. "వెళ్ళొచ్చా మేడం?" అని కోడలు ఫోన్ చేసింది.

"వెళ్ళొచ్చు. తిరిగి రానిస్తారని మాత్రం నేను హామీ ఇవ్వలేను," అన్నాను. వకీలుగా అంతకన్నా కష్టమైన మాట నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

వెళ్ళలేదు. సమాధి చేయడం ఫోన్లో చూసింది. నేను వెళ్ళేసరికి ముసలామె పక్కనే కింద కూర్చుని, భాష తెలియకపోయినా, ఆ ఫోన్ వంకే చూస్తోంది. అయ్యాక, "మీ అమ్మ పేరేంటి?" అని అడిగింది. కోడలు చెప్పింది. ముసలామెకి నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పించుకుంది, మళ్ళీ మళ్ళీ చెప్పించుకుంది. ఆదివారం చర్చిలో ఫాదరు చేత ఆ పేరు మీద పూజ చెప్పించాలట, తప్పు పలికితే బాగోదట.