నీళ్లతొట్టిలో నడిచెక్క

పోయిన వారం మా పెద్దనాయన పోయారు. కదిరిలో తన కలప అంగడి తెరవడానికి తాళాలు చేతిలోకి తీసుకుని, ఇంటి గడప దగ్గరే కూలబడ్డారట. ఫోన్లో పెద్దమ్మ ఆ మాట చెప్పి, కాసేపు ఏడ్చి, "పాపా, నీ చెక్క ఇంకా తొట్లోనే ఉండాది" అంది.

ఆ చెక్క సంగతి చెప్పాలి. కాలేజీ ట్రిప్పులో హిమాచల్ వెళ్లి, అద్దె స్కీలు కాళ్లకు బిగించుకుని మంచు మీద జారినప్పటి నుంచి నాకు కుదురు లేదు. ఆ పొడవాటి పలకల లోపల ఏముంటుంది? పైన ఫైబరు, అడుగున ప్లాస్టిక్కు, నడుమ చెక్క. వంగి లేచే గుణమంతా ఆ నడిచెక్కదేనని చదివాను. ఈ చలికాలం నేను చేసుకున్న స్కీల మీదే జారాలని పట్టుబట్టి, పెద్దనాయన అంగట్లో కూర్చున్నాను.

మంచు ఎన్నడూ చూడని మనిషి. కొనుక్కోరాదా అని మాత్రం అనలేదు.

"ఆ మంచు గట్టిగుంటాదా, దూది మాదిరా?"

"రెండు మాదిర్లూ ఉంటాది పెద్దనాయనా."

"అట్లయితే చెక్కకూ రెండు బుద్ధులుండల్ల."

ఏ చెక్కనైనా ముందు రంపపు పొట్టు వాసన చూసేవారు. తరువాత రెండు ఇటుకల మీద పెట్టి, నడుమ పాదంతో నొక్కి, లోపల చిట్లే చప్పుడేమైనా వస్తుందేమోనని చెవి రిక్కించేవారు. తుమ్మను చూసి, "ఇది కట్టుకుంటే జారవు, పూడిపోతావు" అన్నారు. టేకులోని నూనె జిగురును పట్టనివ్వదు. నీలగిరి మన ఎండకే మెలి తిరిగింది. చివరికి, ఈమధ్య రైతులు గట్ల మీద పెంచుతున్న మలబారు వేప నచ్చింది. తేలిక, పొడవాటి నార. మరీ మెత్తన కాబట్టి మధ్యమధ్య వెదురు బద్దలు అతికించాం.

"వంగితే చాల్దు పాపా, మళ్లా లేయల్ల."

"కూర్చుంటే తాను లేయలేడు గానీ చెక్కకు చెప్తాండాడు చూడు" అంది పెద్దమ్మ.

ఎండకు పగలకుండా నీడన ఆరబెట్టాం, చెదలకు మందు పూశాం. నొక్కితే ఠపీమని లేచింది. అప్పుడు పెద్దమ్మ, బట్టలు పిండుతూ, "ఆ మంచు కరిగితే ఏమైతాదే?" అనడిగింది.

"నీళ్లయితాయి."

పెద్దనాయన నా వైపు చూశారు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. "ఏం పాపా, ఎండకు చూసినాం, చెదలకు చూసినాం, నీళ్లను మరిచేపోయినాం!"

మేం వాడింది మంచాలకూ తలుపులకూ వాడే జిగురు. పలకను తొట్టిలో ముంచితే తెల్లారేసరికి బద్దలు దేనికది విడిపోయాయి. పడవలకు వాడే జిగురు బెంగళూరు నుంచి తెప్పించి, మళ్లీ చేశాం. నేను తిరిగి వెళ్లిపోయాక, పెద్దనాయన కొత్త పలకను తొట్టిలో పెట్టి, తేలకుండా రుబ్బురోలు పొత్రం ఎక్కించారు. చనిపోయే ముందురోజు ఫోన్లో, "నువ్వొచ్చినాకే తీస్తా. నేనొక్కణ్ణే చూస్తే ఏం బాగుంటాది?" అన్నారు.

మూడోనాటి కార్యం అయ్యాక పెద్దమ్మే నన్ను పెరట్లోకి పిలిచింది. పొత్రం తీసి పక్కన పెట్టాను. పలకను ఎత్తి ఇటుకల మీద ఉంచి, పాదంతో నొక్కాను. పెద్దమ్మ, అచ్చం ఆయనలాగే, తల వంచి చెవి పెట్టింది. చప్పుడు లేదు. పాదం తీశాను. నీళ్లు చిమ్ముతూ పలక లేచింది.

"విడిందా?"

"లేదు పెద్దమ్మా."

పలకను గోడకు ఆనించాను. అంతదాకా అది ఉన్నచోట, కింద నాపరాళ్ల మీద దాని పొడవునా తడి మిగిలింది. ఎండకు రెండు కొసలూ ఆరుతూ వస్తున్నాయి. నడుమ ఇంకా తడిగా ఉన్నచోట పెద్దమ్మ అరచెయ్యి ఆనించి, అలాగే కూర్చుంది.